నాలుగూ ఇరవై

మంగళవారం. సాయంత్రం అయిదూ పది.

తూయ్‌ని అన్నానికి పిలుద్దామని, పక్క ఇంట్లో ఉండే బువాలీ అమ్మమ్మ షెడ్డు తలుపు తోసింది.

తూయ్ మైకు ముందు బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. పక్కన ఇనుప మైక్ స్టాండు. కంప్యూటర్ వెలుగుతూనే ఉంది. హార్డ్ డిస్క్ మాత్రం లేదు. దాని వైరు బల్ల మీంచి వేలాడుతోంది.

ఆరూ అయిదుకి ఇన్‌స్పెక్టర్ ప్రనోమ్ జీపు దిగింది. వెనకాలే హెడ్ కానిస్టేబుల్ బున్‌లెర్ట్.

ప్రనోమ్‌కి యాభై రెండేళ్ళు. రెండు మోకాళ్ళూ నొప్పే. ఎక్కడో దక్షిణాన పెచ్చబురి నుంచి బదిలీ మీద ఈ ఈశాన్యపు జిల్లా సకోన్ నకోన్‌కి వచ్చి మూడేళ్ళయింది. ఇక్కడి యాస సగం అర్థమవుతుంది, మిగతా సగం అర్థమైనట్టు తలాడిస్తుంది. బున్‌లెర్ట్ ఈ జిల్లాలోనే పుట్టాడు.

ఈ షెడ్డు ఆమెకి కొత్త కాదు. పూపాన్ కొండ కింద గంజాయి ఆకు ఆరబెట్టడానికి కట్టారు. గంజాయి తప్పు కాదని చట్టం మారినప్పుడు, అంతకుముందు పోలీసులు పీకిన మొక్కలకి సంతకాలు తీసుకుని తిరిగి ఇచ్చింది ఆమే. ఇప్పుడు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం మళ్ళీ మారింది. మళ్ళీ పీకమన్నారు. పీకడం, ఇవ్వడం, పీకడం. విసుక్కోవడానికి కూడా ఆమెకి ఓపిక లేదు.

ఆకు పోయాక షెడ్డు పాటలకి పనికొచ్చింది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. తలుపు మీద పోస్టర్. అందులో ఒక గడియారం.

'నాలుగూ ఇరవై. పదకొండు ర్యాప్ పాటలు. రాసి పాడినది ఖియన్. సంగీతం తూయ్.'

అడుగున చిన్న అక్షరాల్లో కంపోన్ గంజాయి దుకాణం ప్రకటన.

ఈ అంకె గురించి ఒక మాట చెప్పాలి. గంజాయి వాళ్ళకి సాయంత్రం నాలుగూ ఇరవై అంటే దమ్ము కొట్టే వేళ. లోకంలో ఎక్కడైనా అంతే. మన వైపు అదే అంకె వింటే జేబు తడుముకుంటాం. ఈ కేసులో రెండూ నిజమే.

అమ్మమ్మ ఇల్లు షెడ్డుకి ఇరవై అడుగుల దూరం. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. గడప మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చేతులు మాత్రం ఆగకుండా చీర కుచ్చిళ్ళు సర్దినట్టు లుంగీ అంచు సర్దుతున్నాయి.

"ఇవాళ ఇక్కడికి ఎవరొచ్చారు అమ్మమ్మా?"

"ఎవలొస్తరు బిడ్డా? మా మనుమడు ఖియనొచ్చిండు."

"ఎన్నింటికి?"

"సీ మోంగ్."

సీ అంటే నాలుగు. మోంగ్ అంటే గంట. ప్రనోమ్ చూపు పోస్టర్ మీది గడియారం దాకా వెళ్ళి వచ్చింది. కాగితం మీద '16:00' అని రాసింది.

"గట్టిగా తెలుసా?"

"తెల్వకేమి? మిగిలిన అన్నం చాటల ఎండకు పోసిన. పోసిన్నో లేదో బండి సప్పుడైంది."

"ఏం మాట్లాడుకున్నారు?"

"మాట్లాడుడా? కొట్లాడిండ్రు. తీసెయ్ అని మావోడు. తియ్య అని తూయ్. ఇగ మావోడు బండి దుంకిచ్చుకుంట పోయిండు."

"తరవాత ఎవరైనా వచ్చారా?"

"నాకేమెరుక? తిన్న, ఒరిగిన. నాకొక్క చెవే వినొస్తది. దాని మీద పండుకున్ననంటే లోకం మునిగినా తెల్వది."

స్టేట్‌మెంట్ టైపయింది. అమ్మమ్మ వేలిముద్ర వేసింది. బున్‌లెర్ట్ అప్పుడు షెడ్డు చుట్టూ టేపు కడుతున్నాడు.

*

బుధవారం. ఉదయం ఏడూ నలభై.

ఖియన్ పక్క జిల్లా నకోన్ పనోమ్‌లో, నది ఒడ్డున బైకు పక్కన నిద్రపోతూ దొరికాడు. ఇరవై ఆరేళ్ళు. సన్నటి మనిషి. మైకు లేకపోతే నోరు పెగలదు. తూయ్ చనిపోయాడని చెబితే అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

స్టేషన్‌లో ఫ్యాను కిర్రుమంటోంది.

"నిన్న షెడ్డుకి ఎప్పుడెళ్ళావు?"

"పొద్దున. పదింటికి."

"బయటికి ఎప్పుడొచ్చావు?"

"పదిన్నరకు."

"తరవాత?"

"గా నది కాడికి."

"చూసినవాళ్ళు?"

"ఎవలు లేరు. ఫోన్ బంద్ పెట్టుకున్న."

"ఎందుకు కొట్లాడారు?"

"పాట గురించి."

"ఏ పాట?"

ఖియన్ ఫ్యాను వైపు చూశాడు.

"మీ అమ్మమ్మ నువ్వు సాయంత్రం నాలుగింటికి వచ్చావంటోంది."

ఖియన్ తల ఎత్తాడు. "అమ్మమ్మ అన్నదా?"

"వేలిముద్ర కూడా వేసింది."

అతనికి తండ్రి ఎవరో తెలియదు. తల్లి పోయింది. అతన్ని పెంచింది ఆ ముసలామె ఒక్కతే.

"అమ్మమ్మ అబద్ధం చెప్పది," అన్నాడు చివరికి.

"అయితే నువ్వు చెబుతున్నావా?"

"ఏమన్న రాసుకోరి మేడమ్. ఆమెను మాత్రం కోర్టుకు పిలువకుండ్రి. మతి తప్పిందని నలుగుట్ల అనిపియ్యకుండ్రి."

ప్రనోమ్‌కి అది ఒప్పుకోవడంలా వినిపించింది. శుక్రవారం ఉదయం తొమ్మిదికి కోర్టు. రిమాండ్ పడిందంటే కేసు తేలేదాకా జైలే. అప్పటికి ఆ ముసలామె ఉంటుందో లేదో ఎవరికి తెలుసు?

లాకప్ దగ్గర బెల్టు, బూటు లేసులు తీసుకున్నారు. ఖియన్ ఎడమ మణికట్టు నిండా తెల్లటి నూలు దారాలు. ఆల్బమ్ పూర్తయిందని ఆదివారం అమ్మమ్మ కట్టిన రక్షదారాలవి. ఖియన్‌కి, తూయ్‌కి, దుకాణదారు కంపోన్‌కి, ముగ్గురికీ తొమ్మిదేసి పోగులు. మూడు రోజులైనా ఉంచుకోవాలి. తరవాత ముడి విప్పుకోవాలి గాని కత్తిరించకూడదు.

బున్‌లెర్ట్ కత్తెర పట్టుకుని నిలబడిపోయాడు.

"తాళ్ళు ఏవీ ఉంచకూడదని రూలు మేడమ్. కాని ఇవి కోసుడు నాతోటి కాదు."

"ఉండనీ," అంది ప్రనోమ్.

పదకొండింటికి పోస్ట్‌మార్టమ్ రిపోర్ట్ వచ్చింది. మరణం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు మధ్య. ఎడమ మణికట్టుకి తొమ్మిది దారాలు, ఒక్కటీ తెగలేదు. ఇంకో కాగితంలో ఎవిడెన్స్ జాబితా. తొమ్మిదో నంబరు: స్టాండు మరలో ఇరుక్కున్న తెల్ల దారం ముక్క, నాలుగు సెంటీమీటర్లు, రక్తంతో. ఎదురుగా 'మృతునిది' అని ఎవరో రాశారు. ప్రనోమ్ రెండు కాగితాలకీ పిన్ను కొట్టింది. రెండూ చదివింది. అయినా పట్టుకోలేదు.

*

కంపోన్ దుకాణం పట్నం నడిబొడ్డున ఉంది. షెడ్డు నుంచి కారులో ముప్పై అయిదు నిమిషాలు. పాత బోర్డు దించేశారు. 'క్లినిక్' అని కొత్తది గోడకి ఆనించి ఉంది, లైసెన్స్ రాగానే ఎక్కించడానికి. అద్దాల అల్మరాలో డబ్బాలు. ప్రతి డబ్బా మీదా ఉడుత బొమ్మ. పూపాన్ కొండ మీద పండే 'ఉడుత తోక' రకం అంటే దేశమంతా పేరు.

కంపోన్‌కి నలభై ఏళ్ళు. ఇస్త్రీ చొక్కా, పట్నం మాట.

"తూయ్ నాకు తమ్ముడి లాంటివాడు మేడమ్. అన్నం సహించడం లేదు."

"నిన్న సాయంత్రం నాలుగింటికి ఎక్కడున్నారు?"

"ఇక్కడే. రోజూ నాలుగూ ఇరవైకి గంట కొట్టి లైవ్ పెడతాను కదా! రెండు వేల మంది చూశారు. మీరూ చూడండి."

చూసింది. 16:20. కంపోన్ నవ్వుతూ ఎడమ చేత్తో ఇత్తడి గంట కొడుతున్నాడు. లైవ్ అయిదు దాకా నడిచింది. నాలుగింటి గొడవకి తూయ్ బతికే ఉన్నాడు; ఆ తరవాత అతన్ని చంపినవాడు నాలుగూ ఇరవైకి ఇక్కడికి రాలేడు.

ప్రనోమ్ అతని పేరు కొట్టేసింది.

వెళ్ళేదారిలో అమ్మమ్మ దగ్గర ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకే తెలియదు.

"మా పోరడు ఎప్పుడొస్తడు?"

"శుక్రవారం కోర్టు, అమ్మమ్మా."

"ఆడ అన్నం పెడ్తరా?"

"పెడతారు."

"ఏం పెడ్తరో నాకెరుక. రేపు నేను వండి పెడ్త, పట్కపో. సీ మోంగ్‌కు రా."

"వస్తాను."

*

గురువారం. సరిగ్గా సాయంత్రం నాలుగు గంటలకి జీపు అమ్మమ్మ వాకిట్లో ఆగింది.

గడప మీద వెదురు బుట్ట. పక్కన మూత పెట్టిన గిన్నె. అమ్మమ్మ ముఖం ముటముటలాడుతోంది.

"గిప్పుడా వచ్చేది?"

"నాలుగే అయింది కదా అమ్మమ్మా."

"సీ మోంగ్‌కు రమ్మంటే ఇగ వచ్చిండ్రు, ఆఫీసర్లు! జిగురన్నం గట్టిపడ్డది. వెదురు చిగుళ్ళ కూర పులిసింది. పొద్దుగాల కెళ్ళి గడపల కూసుంటి."

"పొద్దున నుంచా? ఎందుకు?"

"ఎందుకంటదేందిరా ఈమె?" అమ్మమ్మ బున్‌లెర్ట్ వైపు తిరిగింది. "సీ మోంగ్ అన్న గద!"

బున్‌లెర్ట్ నవ్వాడు. "పాత లెక్క మేడమ్. ముసలోళ్ళు పొద్దున ఆరు కెళ్ళి లెక్కబెడ్తరు. ఏడంటే ఒక గంట. ఎనిమిదంటే రెండు. సీ మోంగ్ అంటే పొద్దున పది. మా అమ్మ సచ్చేదాకా గట్లనే అన్నది."

ప్రనోమ్ అతని వైపు తిరిగింది.

"సాయంత్రం నాలుగైతే?"

"ముందు 'బాయ్' పెడ్తరు. బాయ్ సీ మోంగ్. బాయ్ అంటే మధ్యాహ్నం దాటినంక అని."

"మంగళవారం ఈమె నాతో సీ మోంగ్ అంది బున్‌లెర్ట్. బాయ్ అనలేదు."

అతని నవ్వు ఆగిపోయింది. "మీరు నాకు సూపెట్టిన కాగితంల 16:00 అని ఉండె మేడమ్. ఆమె మాట నేను వినలే."

ప్రనోమ్ మెట్టు మీద కూర్చుంది. మోకాళ్ళు ఒప్పుకోలేదు, అయినా కూర్చుంది. అన్నం ఎండకు పోశానంది. సాయంత్రం నాలుగింటికి ఎండకు ఎవరు పోస్తారు? తిని ఒరిగానంది. ఇక్కడి ముసలివాళ్ళు పదకొండింటికి తిని ఒరుగుతారు. అన్నీ చెప్పింది ఆ మనిషి. తన చెవికే పోస్టర్ అడ్డం పడింది. ఒక ముసలామె మాటని అంకె చేసి, ఆ అంకెతో ఆమె మనవడికి బేడీలు వేసింది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఇంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

బుట్ట మూత తీసి గట్టిపడిన అన్నం ఒక ముద్ద తీసుకుంది. పులిసిన కూరలో ముంచి తినేసింది.

"పులిసిందన్న గదనే!" అంది అమ్మమ్మ.

"బాగుంది అమ్మమ్మా." చెయ్యి తుడుచుకుంది. "బున్‌లెర్ట్, తూయ్ ఫోన్ తెప్పించు. అందులో పాటల రఫ్ కాపీలు ఉండాలి."

నాలుగు గంటల గొడవ అసలు లేదు. రెండు నుంచి అయిదు దాకా మొత్తం ఖాళీ. మూడింటికి ఇక్కడున్నవాడు నాలుగూ ఇరవైకి పట్నంలో తీరిగ్గా గంట కొట్టవచ్చు.

నాలుగూ యాభైకి పాటలు విన్నారు. ఏడో పాట దగ్గర బున్‌లెర్ట్ ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకున్నాడు.

'కొండ పేరు చెప్పుకుని గోదాము సరుకు,
డబ్బా మీద ఉడుత, లోపలంతా బూజు,
గంట కొట్టి పిలుస్తాడు, గుడి కాదది చూడు.'

"పేరు లేదు మేడమ్."

"గంట ఉందిగా."

ప్రనోమ్ లైవ్ వీడియో మళ్ళీ తెరిచింది. మంగళవారం, 16:20. ఎడమ చెయ్యి పైకి లేచింది. వీడియో ఆపింది. తరవాత అదే దుకాణం పేజీలో అదే రోజు 12:15కి పెట్టిన ఫోటో వెతికింది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

*

సాయంత్రం ఆరు. షెడ్డు.

నేరం ఎలా జరిగిందో నిందితుడి చేత చేసి చూపించడం ఇక్కడి పోలీసుల ఆనవాయితీ. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఖియన్‌ని బేడీలతో తెచ్చారు. స్టాండుకి బదులు చీపురు ఇచ్చారు. ఆల్బమ్ భాగస్వామిగా కంపోన్‌ని పిలిచారు. తెల్ల చొక్కాలో వచ్చాడు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఖియన్. తీసెయ్ అన్నావు. ఏది తియ్యమన్నావు?"

ఖియన్ కంపోన్ వైపు చూసి తల దించుకున్నాడు.

"ఏడో పాటేనా?"

చీపురు కింద పెట్టేశాడు. "అవు మేడమ్. రాసింది నేనే. ఆ పాట ఉంటే లైసెన్స్ రాదు, నిన్ను ఊర్ల ఉండనియ్య అన్నడు కంపోనన్న. నాకు భయమైంది. తీసెయ్ అన్న. నువ్వు రాసిన అసలు మాట అదొక్కటే, నేను తియ్య అన్నడు తూయ్. సిగ్గయింది. అందుకే నది కాడికి పోయిన." బేడీలున్న చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "నా పాట కోసం వాడు సచ్చిండు."

"కథలు బాగా అల్లుతాడు మేడమ్, అదే వాడి పని," అన్నాడు కంపోన్. "వాళ్ళమ్మమ్మే చెప్పింది కదా నాలుగింటికి అని."

"చెప్పింది. పొద్దున నాలుగో గంట. అంటే పది. తప్పుగా రాసుకున్నది నేను." ప్రనోమ్ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "మంగళవారం మూడింటికి ఎక్కడున్నారు?"

"దుకాణంలో."

"సాక్షి?"

"గుర్తు లేదు. అయినా నాలుగూ ఇరవైకి నేను లైవ్‌లో..."

"మీ లైవ్ గురించే అడుగుతున్నాను. మధ్యాహ్నం పన్నెండూ పదిహేను ఫోటోలో మీ ఎడమ చేతికి అమ్మమ్మ కట్టిన దారాలున్నాయి. నాలుగూ ఇరవైకి లేవు. ఏమయ్యాయి?"

"స్నానంలో ఊడిపోయాయి."

"తొమ్మిదీ?"

"దురద పెట్టాయి. కోసేశాను."

"ఊడిపోయాయా? కోసేశారా?"

కంపోన్ ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"స్టాండు మరలో ఒక దారం ముక్క దొరికింది. తూయ్‌ది అనుకున్నాం. తూయ్ చేతికి తొమ్మిదీ ఉన్నాయి." ప్రనోమ్ ఖియన్ చెయ్యి పట్టుకుని పైకెత్తింది. బేడీ కింద మాసిపోయిన దారాలు. "వీడికి తొమ్మిదీ ఉన్నాయి. మూడో చెయ్యి మీది. స్టాండు ఎత్తినప్పుడు మరకి పట్టుకుని తెగింది. మిగతావాటికి రక్తం అంటింది. తెల్ల దారం కదా, ఎంత కడిగినా పోదు. ముక్క ఖోన్ కేన్ ల్యాబ్‌కి వెళుతోంది. చెమట ఎవరిదో వాళ్ళు చెబుతారు. మీరు ముందే చెబితే నాకు కాస్త నడక తగ్గుతుంది."



కంపోన్ ఒకప్పుడు ఆకు ఆరబెట్టిన ఖాళీ చట్రం మీద కూలబడ్డాడు. పట్నం మాట ఊడిపోయి సొంత యాస బయటపడింది.

"సంపాలని రాలే మేడమ్. డిస్క్ ఇయ్యిరా అన్న. వచ్చే వారం లైసెన్స్ కమిటీ ఉన్నది, మూడేండ్ల కష్టం పోతది అన్న. వాడు నవ్విండు. నువ్వు అమ్మే కొండ ఏ దేశంల ఉన్నదన్నా అని నవ్విండు..."

"డిస్క్?"

"నోంగ్ హాన్ చెరువుల ఏసిన."

బున్‌లెర్ట్ ఖియన్ బేడీలు తీశాడు. అవే కంపోన్‌కి వేశాడు.

అప్పటిదాకా గుమ్మంలో ఉన్న అమ్మమ్మ లోపలికి వచ్చింది. కంపోన్ ఎదుట ఆగింది. అతని ఎడమ మణికట్టు పట్టుకుని, తిప్పి చూసింది.

"తూయ్‌గాడు నీకంటే ముందు చెయ్యి చాపిండు. నీకు కట్టేటప్పుడు నూలు సాలకపోతే నా కండువా పోగులు గుంజి కట్టిన. నా దారం చేతికుండగనే చెయ్యెత్తినావురా?"

కంపోన్ ఏడ్చాడు. ఆమె చెయ్యి వదిలేసి బయటికి నడిచింది.

ప్రనోమ్ వెనకే వెళ్ళింది. చెప్పకపోయినా జరిగిపోయేది. కాని చెప్పకుండా ఇంటికి వెళ్ళలేననిపించింది.

"అమ్మమ్మా, ఖియన్‌ని పట్టుకుంది..."

"నా మాట తోటేనా?" ఆమె తిరగకుండానే అడిగింది. "గడపల కూసోని నేనూ లెక్కబెట్టుకున్న బిడ్డా. నాకెరుకైంది."

"మీ మాట సరిగ్గానే ఉంది. నా రాతే తప్పు. స్టేట్‌మెంట్ మార్చి రాస్తాను. కింద నా తప్పని కూడా రాస్తాను."

అమ్మమ్మ తలూపింది. క్షమించిందో లేదో తెలియలేదు. లోపలికి వెళుతూ ఆగింది.

"శనారం తూయ్‌గాన్ని సాగనంపుతున్నరు. రా."

"ఎన్నింటికి?"

"సీ మోంగ్‌..." ఆమె తనే ఆగి, చంటిపిల్లకి చెప్పినట్టు మళ్ళీ చెప్పింది. "బాయ్. బాయ్ సీ మోంగ్."

*

శనివారం. మబ్బు పట్టింది గాని వాన లేదు.

ప్రనోమ్ యూనిఫాం లేకుండా, నల్ల చొక్కాలో గుడికి వచ్చింది. అందరిలాగే, దహనానికి ముందు పెట్టే చెక్కపూవు తీసుకుని శవపెట్టె మీద ఉంచింది. డిస్క్ చెరువులో ఉంది. తూయ్ ఫోన్ ఎవిడెన్స్ సంచీలో ఉంది. కేసు తేలేదాకా పదకొండు పాటలూ అందులోనే. ఎన్నేళ్ళు పడుతుందో ఖియన్ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఖియన్ అందరికంటే చివర వెళ్ళాడు. మణికట్టు దారాల ముడులు ఒక్కొక్కటీ పంటితో విప్పాడు. కొయ్యలేదు. తొమ్మిదీ తూయ్ చేతుల దగ్గర పెట్టాడు. పెట్టెని దహనశాల లోపలికి జరిపారు.

కాసేపటికి గుడి వెనక పొడుగాటి పొగగొట్టం లోంచి పలచటి పొగ లేచి కొండ వైపు సాగింది. ఖియన్ తల ఎత్తి అటే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి, మాట పైకి రావడం లేదు. అమ్మమ్మ అతని మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

అలవాటుగా ప్రనోమ్ గడియారం చూసుకుంది.

నాలుగూ ఇరవై.

ఆమె ఎక్కడా రాసుకోలేదు.